పది బై పది గదిలో గిటార్ రికార్డింగ్: గోడల నుంచి ఫైలు దాకా

తిరుపతి, చిత్తూరు వైపు ఇంట్లోనే గిటార్ రికార్డు చేసుకోవాలనుకునే వాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: "ఏ మైకు కొనమంటారు?" ఇక్కడ ఆ జవాబు ఆరో మెట్టులో గానీ రాదు. మన ఇళ్లలో గది అంటే చుట్టూ ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ శ్లాబు, కింద నున్నటి టైల్స్. ఆరు వైపులా శబ్దాన్ని తిప్పికొట్టేవే. అలాంటి గదిలో మైకు ఎంత మంచిదైతే గది మోతను అంత శుభ్రంగా పట్టిస్తుంది.

కాబట్టి కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. ఒక మెట్టు పూర్తయ్యాకే తర్వాతి దానికి జేబులో చెయ్యి పెట్టండి.

## 1. డబ్బు పంచుకోవడం

ధరలు నెలనెలా మారతాయి, అందుకే వాటాల్లో చెబుతాం. చేతిలో పది రూపాయలు ఉన్నాయనుకోండి. గదికి 2, ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (గిటార్, మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) 3, మైకుకు 2, హెడ్‌ఫోన్లకు 2. స్టాండు, కేబుళ్లు, కొత్త తీగలు అన్నీ కలిపి 1. కంప్యూటర్ ఇంట్లో ఉందన్న లెక్క. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు.

స్పీకర్లను ఈ లెక్కలోంచి కావాలనే తీసేశాం. చిన్న గదిలో మానిటర్ స్పీకర్లు కింది స్వరాల విషయంలో అబద్ధం చెబుతాయి. మొదటి ఏడాది హెడ్‌ఫోన్లతోనే గడపండి.

కొనకూడనివి:

- మైకు, స్టాండు, సౌండ్‌కార్డు అన్నీ ఒకే డబ్బాలో వచ్చే చౌక కిట్లు
- యూఎస్‌బీ మైకు. అందులో ఎలక్ట్రిక్ గిటార్ గుచ్చలేరు, రేపు రెండో మైకు చేర్చాలన్నా తిప్పలే
- బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. మీరు మీటిన తర్వాత ఆలస్యంగా వినిపిస్తాయి, తాళం తప్పుతుంది
- గోడకు అంటించే ఒక అంగుళం ఫోమ్ ముక్కలు (ఎందుకో మూడో మెట్టులో ఉంది)

హెడ్‌ఫోన్లు, గిటార్ లాంటివి చేతికి, చెవికి తగిలాకే కొనాలి. అందుకు మనకు హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర. అన్నా సాలై వైపు వాద్యాల దుకాణాలున్నాయి. కేబుళ్లు, కనెక్టర్లు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి.

## 2. ఏ గది, ఏ వేళ

ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉంటే పెద్దదాన్ని తీసుకోండి. నిడివి, వెడల్పు సమానంగా ఉన్న చదరపు గది కన్నా 10 బై 12, 10 బై 14 గది మేలు.

మిద్దె మీద ఒంటరి గది చూడటానికి బాగుంటుంది గానీ చిక్కులు ఎక్కువ. వేసవిలో శ్లాబు రాత్రి పది దాకా సెగలు కక్కుతుంది, ఫ్యాను లేకుండా కూర్చోలేరు. రేకుల కప్పు అయితే ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చినుకు పడితే పని ఆగిపోతుంది. కింది అంతస్తులో రోడ్డుకు దూరంగా ఉన్న లోపలి గది వీటన్నిటికన్నా నయం.

గది లోపలి మోత తగ్గించడం వేరు, బయటి రొద ఆపడం వేరు. రెండోదానికి బరువైన గోడలు, గాలి చొరబడని తలుపులు కావాలి. అద్దె ఇంట్లో అది అయ్యే పని కాదు. చేయగలిగింది సందులు మూయడం. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల చుట్టూ అంటించే ఫోమ్ టేపు వేస్తే చాలా తేడా కనిపిస్తుంది. గాలి దూరే చోటల్లా శబ్దమూ దూరుతుంది.

మిగిలింది వేళ ఎంచుకోవడమే. రైలు కూతలు, కొండ బస్సులు, ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపం బ్యాండ్లు, తెల్లవారకముందే మొదలయ్యే గుడి మైకులు: ఇవి మీ మాట వినవు. మీ వీధి ఏ గంటలో సద్దుమణుగుతుందో వారం రోజులు గమనించి రాసుకోండి. చాలా వీధుల్లో రాత్రి పదిన్నర నుంచి మూడు దాకా పని జరుగుతుంది. గంగమ్మ జాతర, వినాయక చవితి రోజుల్లో మైకు తీయకండి. ఆ రోజులు ఎడిటింగ్‌కు ఉంచుకోండి.

## 3. గది మోతను తగ్గించడం

ముందు పరీక్ష. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పట తర్వాత "టింగ్"మని సన్నగా సాగితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని అర్థం. ఇది పై స్వరాల సమస్య, తేలిగ్గా పోతుంది.

కింది స్వరాల సమస్య చప్పటకు దొరకదు. దానికి లెక్క ఉంది. 565ను గది కొలతతో (అడుగుల్లో) భాగించండి. 10 అడుగుల గదికి సుమారు 56 హెర్ట్జ్ వస్తుంది. ఆ అంకె, దానికి రెట్టింపు, మూడింతలు: ఈ స్వరాల దగ్గర గది తనంతట తాను ఉబ్బుతుంది. రెట్టింపు అంటే 113. గిటార్ ఐదో తీగ, ఎ, విడిగా మీటితే 110 హెర్ట్జ్. చదరపు గదిలో ఐదో తీగ ఒక్కటే గుమ్మంటూ మిగతావాటిని మింగేస్తుందని వచ్చే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. నిడివి, వెడల్పు, శ్లాబు ఎత్తు మూడూ పది అడుగులే అయితే మూడు ఉబ్బులూ ఒకే చోట పడతాయి. తప్పు గిటార్‌ది కాదు, తీగలది అసలే కాదు.

దీనికి ఖర్చు లేని మందు: గది సరిగ్గా మధ్యలో కూర్చోకండి, గోడకు ఆనుకుని కూర్చోకండి. ఈ రెండు చోట్లా 113 బలంగా ఉంటుంది. పది అడుగుల గదిలో ఒక గోడ నుంచి మూడడుగుల నాలుగంగుళాల దగ్గర, అంటే మూడో వంతులో, మైకు పెట్టండి. రెండో కొలతలోనూ అదే పద్ధతి.

ఇక ఖర్చుతో కూడిన పని. రాక్‌వూల్ పలకలు కావాలి: 1000 బై 600 మిల్లీమీటర్లు, మందం 50, సాంద్రత ఘనపు మీటరుకు 48 కిలోలు. ఏసీ డక్టులకు ఇన్సులేషన్ వేసేవాళ్లను అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. ఎనిమిది పలకలతో మొదలుపెట్టవచ్చు.

1. రెండు పలకలు మీకు కుడి, ఎడమ గోడలకు, కూర్చున్నప్పుడు గిటార్ ఎత్తులో.
2. రెండు మైకు వీపు వైపు గోడకు కాకుండా మైకు "చూసే" గోడకు. అది సాధారణంగా మీ వీపు వెనకే ఉంటుంది.
3. మిగతా నాలుగు జోడీలుగా కలిపి 100 మిల్లీమీటర్ల మందం చేసి, రెండు మూలల్లో అడ్డంగా నిలబెట్టాలి. కింది స్వరాలు మూలల్లో పోగవుతాయి.
4. ప్రతి పలకకూ చెక్క చట్రం కట్టించి, నోటితో ఊదితే గాలి దూరే నూలు గుడ్డ చుట్టండి. రెక్సిన్, ప్లాస్టిక్ పూత గుడ్డ పనికిరావు.
5. గోడకు అంటించకుండా రెండంగుళాల ఖాళీ వదలండి. ఆ ఖాళీ పలక ఇంకాస్త కింది స్వరాలను పట్టేలా చేస్తుంది.

రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. నూగు ఒంటికి అంటితే దురద రెండు రోజులుంటుంది.

అంత ఖర్చు వద్దనుకుంటే ఇంట్లో ఉన్నవే వాడండి. బూరుగుదూది పరుపును చుట్టి మూలలో నిలబెట్టండి. గోడకు నాలుగంగుళాల ఎడంగా తాడు కట్టి రెండు మందపాటి బొంతలు వేలాడదీయండి. నేల మీద జంపకానా పరవండి. పలకల సాటి రాదు గానీ "టింగ్" పోతుంది.

కోడిగుడ్ల అట్టలు, థర్మకోల్ షీట్లు మాత్రం వద్దు. అట్ట మరీ పల్చన. థర్మకోల్‌లోకి గాలే దూరదు, శబ్దాన్ని ఎక్కడ పీల్చుకుంటుంది? అంగుళం ఫోమ్ పై స్వరాలను మాత్రమే తినేస్తుంది. గది చప్పగా అవుతుంది, ఐదో తీగ గుమ్ము అలాగే ఉంటుంది.

ఒక చిన్న పట్టింపు: గదిలో స్టీలు బీరువా ఉందా? ఆరో తీగ మీద మొదటి మెట్టు (గిటార్ మెడ మీది ఫ్రెట్) నుంచి పన్నెండో మెట్టు దాకా ఒక్కో స్వరం నిదానంగా మీటుతూ వినండి. ఏదో ఒక స్వరానికి బీరువా తలుపో, దానికి వేలాడే తాళంచెవుల గుత్తో జిల్లుమంటుంది. గుత్తి తీసేయండి, తలుపు సందులో మడిచిన గుడ్డ పెట్టండి. ఫొటో ఫ్రేములు, కిటికీ గొళ్లెం, ట్యూబ్‌లైటు పట్టీ కూడా ఇదే బాపతు.

## 4. కరెంటు, ఎర్త్

గిటార్ రికార్డింగ్‌లో "గుంయ్"మనే హమ్‌కు చాలాసార్లు కారణం కరెంటే. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హమ్ 50 దగ్గర, 100 దగ్గర వినిపిస్తుంది.

- కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, యాంప్ (ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) అన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే మూడు పిన్నుల స్పైక్‌బోర్డు మీద పెట్టండి. వేర్వేరు సాకెట్లలో పెడితే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి హమ్ పుడుతుంది.
- ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్ పెట్టించండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి.
- ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి పట్టు సడలుతుంది. వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు పోయించండి. మార్చిలో లేని హమ్ మేలో వచ్చిందంటే ముందు ఇది చూడండి.
- హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తీగలు లోహం, మీ చేయి వాటి మీదే ఉంటుంది.

రెండు పిన్నుల ఛార్జర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. హమ్ తగ్గితే దొంగ దొరికినట్టే. టేక్ (ఒక విడత వాయించి రికార్డు చేయడం) చేసేటప్పుడల్లా బ్యాటరీ మీదే నడపండి. ఆ మాటకొస్తే కరెంటు పోయిన గంట రికార్డింగ్‌కు భలే వేళ. ఫ్రిజ్ ఆగుతుంది, పక్కింటి మోటార్ ఆగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమో కాదో చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గిటార్ తేనెటీగల తుట్టెలా మోగుతుంది.

సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంతం, ఒకే చుట్ట ఉన్న రకం) గిటార్ల వాళ్లకు ఇంకో మాట. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు కూడా పికప్‌లోకి బుర్రుమని దూరతాయి. పక్క గదిలో ఫ్యాను తిరుగుతున్నా వినిపించవచ్చు. అన్నీ ఆపి ఒక్కొక్కటే వేస్తూ వెతకండి. గిటార్ పట్టుకుని కూర్చున్న కుర్చీ నెమ్మదిగా తిప్పితే ఏదో ఒక కోణంలో రొద బాగా తగ్గుతుంది. ఆ కోణం నేల మీద టేపుతో గుర్తు పెట్టుకోండి.

## 5. గిటార్‌ను సిద్ధం చేయడం

పాత తీగల మందకొడి శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మెరిపించలేదు. రికార్డింగ్‌కు ముందు రోజు కొత్త తీగలు వేసి, లాగి సాగదీసి, ఒక గంట వాయించి వదిలేయండి. అదే రోజు వేస్తే టేక్ మధ్యలో శ్రుతి జారుతుంది.

పన్నెండో మెట్టు పరీక్ష: ఆ మెట్టు మీద తీగను ఊరికే తాకి వచ్చే హార్మోనిక్, అదే మెట్టు నొక్కి మీటిన స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే ఎలక్ట్రిక్‌లో ఆ తీగ శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు జరపాలి. అకౌస్టిక్ అయితే తెలిసినవాళ్లకు ఇవ్వండి. కాపో (మెడ మీద తీగలను నొక్కిపట్టే క్లిప్పు) వాడితే బిగించాక మళ్లీ శ్రుతి చూడండి. అది తీగలను కొంచెం పైకి లాగుతుంది.

అకౌస్టిక్ గిటార్ చెక్కకు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఒంటికి పడుతుంది. చిన్న తేమ మీటర్ ఒకటి గిటార్ పెట్టెలో పడేయండి. వడగాలుల రోజుల్లో తేమ బాగా పడిపోతుంది, చెక్క బిగుసుకుని పగుళ్లిస్తుంది. సోపు డబ్బాకు బెజ్జాలు పొడిచి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి పెట్టెలో ఉంచండి. వానాకాలంలో స్పాంజి తీసేసి సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ఏసీ వేసినా ఆపినా తీగల శ్రుతి కదులుతుంది: చల్లబడితే పైకి, వేడెక్కితే కిందికి. గిటార్‌ను పెట్టెలోంచి తీసి అరగంట గదిలో ఉంచాకే శ్రుతి చేయండి.

## 6. ఇంటర్‌ఫేస్, మైకు, హెడ్‌ఫోన్లు

ఇంటర్‌ఫేస్‌లో నాలుగు ఉండాలి: గిటార్ నేరుగా గుచ్చడానికి "ఇన్‌స్ట్" లేదా "హై జెడ్" (Hi-Z) మీట, మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారానే మైకుకు అందే కరెంటు), డైరెక్ట్ మానిటర్ (శబ్దం కంప్యూటర్ చుట్టి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు రావడం), కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్). ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, మోటు ఎం2, ఆడియెంట్ ఐడీ4 లాంటివి ఈ పని చేస్తాయి. డబ్బు సరిపోతే రెండు మైకు ఇన్‌పుట్లు ఉన్నదే తీసుకోండి.

మైకు ఎంపిక మూడు ముక్కల్లో తేలిపోతుంది. అకౌస్టిక్ మాత్రమే వాయిస్తారు, గది శుద్ధి చేశారు, వీధి ప్రశాంతం: కండెన్సర్ (48 వోల్టులతో నడిచే, సన్నని శబ్దాన్నీ పట్టే రకం), ఉదాహరణకు ఆడియో టెక్నికా ఏటీ2020 లేదా రోడ్ ఎన్‌టీ1. యాంప్ ముందు కూడా పెట్టాలి, లేదా వీధి రొద ఎక్కువ: డైనమిక్ (48 వోల్టులు అక్కర్లేని, దగ్గరి శబ్దానికి తగిన రకం), షూర్ ఎస్ఎం57. ఒక్కటే కొని అన్నిటికీ వాడాలి: అప్పుడూ ఎస్ఎం57. దీనికి గెయిన్ (ఇంటర్‌ఫేస్‌లో శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువ కావాలి, పై స్వరాల్లో కండెన్సర్ మెరుపు ఉండదు. అది ఒప్పుకుని కొనండి.

హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూసే రకం ఉండాలి. సోనీ ఎండీఆర్ 7506, ఆడియో టెక్నికా ఎం40ఎక్స్ లాంటివి. వెనక తెరిచిన రకం అయితే తాళం కోసం పెట్టుకునే క్లిక్ శబ్దం కారి మైకులోకి వస్తుంది. గిటార్ కేబుల్ మూడు మీటర్లకు మించనీయకండి. కేబుల్ పొడవైతే పై స్వరాలు సన్నగిల్లుతాయి.

కలిపే వరుస:

1. ఇంటర్‌ఫేస్ గెయిన్ సున్నా చేయండి, 48 వోల్టులు ఆపండి.
2. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైకు కేబుల్) మైకుకు, తర్వాత ఇంటర్‌ఫేస్‌కు పెట్టండి.
3. కండెన్సర్ అయితేనే 48 వోల్టులు వేసి పదిహేను సెకన్లు ఆగండి.
4. గెయిన్ నెమ్మదిగా పెంచండి. విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేయండి.

## 7. కంప్యూటర్ అమరిక

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉండనే ఉంది. అమరికలే ముఖ్యం:

- విండోస్‌లో ఆడియో డివైస్ దగ్గర ఇంటర్‌ఫేస్ ఏసియో డ్రైవర్ ఎంచుకోండి
- శాంపిల్ రేట్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్
- రికార్డు చేసేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే కొలతల సంఖ్య) 128, మిక్సింగ్‌లో 1024
- పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, వైఫై ఆఫ్

బఫర్ 128 అంటే 128ను 48,000తో భాగించగా వచ్చే 2.7 మిల్లీసెకన్లు. రానూ పోనూ, మిగతావీ కలిపి పది మిల్లీసెకన్ల లోపు ఉంటే చేతికీ చెవికీ తేడా తెలియదు. పటపటమని చిట్లుతుంటే 256 చేయండి. మైకుతో అకౌస్టిక్ చేసేటప్పుడు డైరెక్ట్ మానిటర్ వాడితే ఈ బెడదే ఉండదు.

## 8. అకౌస్టిక్ గిటార్ ముందు మైకు

ఇక్కడ ఎంత సమయం పెట్టినా వృథా కాదు. మైకు ఒక అంగుళం జరిగితే వచ్చే తేడా ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వర శ్రేణిని పెంచే, తగ్గించే సాధనం) గంట కుస్తీ పట్టినా రాదు.

మొదలు ఇలా పెట్టండి: మైకు పన్నెండో మెట్టుకు ఎదురుగా, తీగల నుంచి ఒక జానెడు దూరంలో. మూతి మాత్రం మెడ, ఒళ్లు కలిసే చోటుకు కొంచెం వాల్చండి. కొత్తవాళ్లు మైకును తిన్నగా బెజ్జానికి గురిపెడతారు, శబ్దం అక్కడినుంచే వస్తుందని. బెజ్జంలోంచి వచ్చేది ఎక్కువగా లోపలి గాలి గుమ్ము; పెద్ద ఒళ్లు గిటార్లలో అది 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలను తానూ పెంచుతుంది. దాని మీద గది 113 కూడా తోడైతే వినేవాళ్లకు కుండలో వాయించినట్టుంటుంది.

పెట్టాక అర నిమిషం రికార్డు చేసి విని, ఇలా సర్దండి:

- గుమ్ము ఎక్కువ: మైకును పదో మెట్టు వైపు జరపండి, లేదా రెండంగుళాలు వెనక్కి తీయండి
- పల్చగా, రేకులా ఉంది: బెజ్జం వైపు ఒక అంగుళం
- ప్లెక్ట్రమ్ గీరుడు ఎక్కువ: మైకును తీగల ఎత్తు కన్నా కిందికి దించండి, కొట్టుడుకు 0.6 లేదా 0.7 మిల్లీమీటర్ల ప్లెక్ట్రమ్ వాడండి
- ఊపిరి వినిపిస్తోంది: మైకు మీ ముక్కు సూటిలో ఉంది, మెడ వైపు జరపండి
- గది వినిపిస్తోంది: దగ్గరికి తెచ్చి, వెనక ఇంకో బొంత కట్టండి

ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటుంది. చేతులు లేని చెక్క స్టూలు మేలు. చొక్కా గుండీలు, గడియారం, గాజులు గిటార్ వీపుకు తగిలి టక్కుమంటాయి. కూర్చున్న చోట, స్టాండు మూడు కాళ్ల దగ్గర నేల మీద టేపు గుర్తులు వేయండి. రేపు అదే పాట మిగతా సగం చేయాలంటే అదే శబ్దం కావాలి.

రెండు మైకుల మోజు కొన్నాళ్లు వాయిదా వేయండి. రెండు మైకులకూ శబ్దం వేర్వేరు వేళల్లో చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రమాదం ఉంది. వెడల్పు కావాలంటే ఒకే మైకుతో అదే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే వెడల్పు రాదు, గట్టిగా మాత్రం వినిపిస్తుంది.

## 9. ఎలక్ట్రిక్ గిటార్

అపార్ట్‌మెంటులో ఉంటే యాంప్ సంగతి మరిచిపోండి. గిటార్‌ను ఇంటర్‌ఫేస్ ఇన్‌స్ట్ ఇన్‌పుట్‌లో గుచ్చి, మీట నొక్కారో లేదో చూసి, శుభ్రమైన శబ్దాన్నే రికార్డు చేయండి. యాంప్ రంగు తర్వాత ప్లగిన్‌తో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకోవచ్చు; న్యూరల్ యాంప్ మోడలర్ ఉచితం. ఆ మీట మరిచిపోతే గిటార్ దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వస్తుంది. చాలామంది దీన్ని పికప్ తప్పు అనుకుంటారు.

యాంప్ ఉండి, వాయించే వీలుంటే దాన్ని నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి. టార్చి వేసి జాలీ లోపల స్పీకర్ నడిబొడ్డు ఎక్కడుందో చూడండి. ఎస్ఎం57ను జాలీకి ఒక అంగుళంలో, నడిబొడ్డు అంచు దగ్గర పెట్టండి. నడిమధ్యకు జరిపితే పదును, బయటికి జరిపితే మెత్తదనం. డిస్టార్షన్ మీరు రోజూ వాయించే దానికన్నా కాస్త తగ్గించండి; రెండు టేకులు కలిసేసరికి అది రెట్టింపుగా వినిపిస్తుంది.

## 10. టేక్ రోజు

గెయిన్ పెట్టేటప్పుడు పాటలో అన్నిటికన్నా గట్టిగా వాయించే చోటు వాయించండి. మీటర్‌లో శిఖరాలు మైనస్ 12, మహా అయితే మైనస్ 10 డీబీ దగ్గర ఆగాలి. సున్నా తగిలితే ఆ టేక్ పోయినట్టే. 24 బిట్‌లో కొంచెం తక్కువ లెవెల్‌తో నష్టమేమీ లేదు.

ఆ గెయిన్ మీదే ఏమీ వాయించకుండా 30 సెకన్లు రికార్డు చేయండి. మైనస్ 60 డీబీ కన్నా కింద ఉంటే పని మొదలుపెట్టండి. మైనస్ 50 దాటుతుంటే రొద ఎక్కడిదో ముందు పట్టుకోండి.

కీర్తనలు వాయించేవాళ్లు శ్రుతి పెట్టెను గదిలో మోగనీయకండి, హెడ్‌ఫోన్లలోకి పంపండి. మైకులో తంబుర కలిసిపోతే తర్వాత ఎడిట్ అతుకులు బయటపడతాయి. క్లిక్ పెట్టుకుంటే 4/4లో రెండు బార్లు ఒక ఆది తాళ ఆవర్తనం. మిశ్ర చాపుకు 7/8 పెట్టండి.

ప్రతి టేక్ ముందు:

- ఫ్యాను, ఏసీ ఆపారా? (ఏసీ పది నిమిషాల ముందే)
- మొబైల్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉందా?
- శ్రుతి మళ్లీ చూశారా?
- ట్రాక్‌కు పేరు పెట్టారా?
- మొదట రెండు బార్లు, చివర తీగలు పూర్తిగా ఆరేదాకా ఖాళీ వదిలారా?

ఒక భాగానికి ఐదారు టేకులకు మించి వెళ్లకండి. వేళ్లు అలిసిపోయాక పదో టేక్ మొదటిదాని కన్నా బాగుండటం అరుదు. ఆగి, మంచినీళ్లు తాగి, తర్వాతి భాగానికి వెళ్లండి.

## 11. తప్పు, దాని మూలం

తీగల మీద చేయి పెడితే హమ్ తగ్గుతోంది. పికప్ రొదను పడుతోంది; మామూలే. చేయి పెడితే పెరుగుతోందంటే గిటార్ లోపలి ఎర్త్ తీగ ఊడింది, టంకం వేయించండి.

ఒక చెవిలోనే వినిపిస్తోంది. ట్రాక్ స్టీరియోగా తెరుచుకుంది. మోనో ఇన్‌పుట్ చేయండి.

తర్వాత చేసిన ట్రాక్ అంతా కొంచెం వెనకబడి ఉంది. ఏసియో కాకుండా విండోస్ మామూలు డ్రైవర్ మీద రికార్డయింది.

టకటకటక అని లయగా మోత. కేబుల్ పక్కన మొబైల్ ఉంది.

వేళ్లు జారినప్పుడు కీచు. కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలకు ఎక్కువ. పూత ఉన్న తీగలు వాడండి, మెట్టు మారేటప్పుడు వేలును ఈడ్చకుండా ఎత్తి పెట్టండి.

## 12. టేక్ అయ్యాక

ఈక్వలైజర్‌లో, ఒంటరి గిటార్ అయితే 60 హెర్ట్జ్ కింద, మిగతా వాద్యాలు ఉంటే 100 కింద కోసేయండి. 200 నుంచి 250 మధ్య రెండు మూడు డీబీ తగ్గిస్తే మబ్బు వీడుతుంది. కంప్రెసర్ (గట్టి చోట్లను నొక్కి సమం చేసే సాధనం) 3:1, మూడు నాలుగు డీబీ మించి నొక్కకుండా. హెడ్‌ఫోన్లలో బాగుందనిపించాక మొబైల్ స్పీకర్‌లో ఒకసారి, కారులో ఒకసారి వినండి. యూట్యూబ్ గట్టి పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సగటు గట్టిదనపు కొలత) దగ్గరికి తానే దించుతుంది, కాబట్టి పోటీపడి గట్టిగా చేయాల్సిన పని లేదు. శిఖరం మైనస్ 1 దగ్గర ఆపండి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తింటుంది. పది ట్రాకుల ఐదు నిమిషాల పాట అర జీబీకి లోపే. పాటకో ఫోల్డర్, పేరు ముందు తేదీ, ప్రాజెక్టు ఫైలు ఒక్కటే కాకుండా వేవ్ ఫైళ్లన్నీ కలిపి బయటి డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఆ రాత్రే, ల్యాప్‌టాప్ మూయకముందే కాపీ చేయండి.